ఫరంపేటలో ఎన్ని అక్షరాలు?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా యానాం, ఫరంపేటలో చేసిన గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగువారి పేరు మీద ఉపన్యాసం అనగానే అరసున్నలు, బండిరలు, గ్రాంథిక వాదం, వ్యావహారిక వాదం వినడానికి సిద్ధపడి వచ్చి ఉంటారు. వాటి జోలికి వెళ్ళకుండా పోను గానీ, నా అసలు విషయం కంప్యూటర్ భాషలు. పైథాన్, సి, జావా లాంటివి. ఒక భాషను కొత్తగా నేర్చుకునేవాడు నాలుగు రోజులు తిరక్కుండానే ‘ఇదేమిటి, ఇలా ఎందుకు పెట్టారు?’ అంటాడు. ఆ భాషతో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఈ తగవులో ఎవరి మాట ఎంతవరకు వినాలన్నదే ఇవాళ్టి ప్రశ్న. గిడుగువారి జీవితంలో పెద్ద మలుపు ఇలాంటి ప్రశ్న దగ్గరే వచ్చింది కాబట్టి దీన్ని ఆయన సభలో ఎత్తడం అపచారం కాదనుకుంటున్నాను.

1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చాడు. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు బజారులో ఎవరి నోటా వినబడలేదు, బజారులో విన్నది పుస్తకంలో కనబడలేదు. ఈ తేడా ఎందుకని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన దొరకు గురజాడ, గిడుగుల దారి చూపించాడు. బడుల్లో వాడుక భాష రావాలన్న ఉద్యమం అక్కడినుంచే ఊపందుకుంది. నిజానికి దొర అడిగినదాంట్లో కొత్తేమీ లేదు. బడిలో అడుగుపెట్టిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఆ ఇబ్బంది అనుభవమే. కాకపోతే పిల్లవాడు అడిగితే బెత్తం లేచేది, దొర అడిగితే కమిటీ లేచింది.

పండితులు ఊరుకోలేదు. నిన్న గాక మొన్న వచ్చినవాడికి మన భాష మర్యాద ఏం తెలుసన్నారు. 1911లో జయంతి రామయ్య పంతులుగారు ముందుండి ఆంధ్ర సాహిత్య పరిషత్తును నిలబెట్టారు. మద్రాసులో మొదలై ఆనక మన పక్కనున్న కాకినాడకు చేరిన సంస్థే అది. 1914లో గురజాడ గ్రాంథికానికి వ్యతిరేకంగా తన అసమ్మతి పత్రం రాశారు, మరుసటి ఏడాదే పోయారు. మిగిలిన పోరు గిడుగు నెత్తిన పడింది. ఆయన చేసిన పని చూడండి. గ్రాంథికం రాదు కాబట్టి వద్దంటున్నాడనే మాటకు చోటు లేకుండా, ప్రాచీన కావ్యాల నుంచి ప్రయోగాలు గుట్టలుగా పోగుచేశారు. గ్రాంథికమే రాయాలన్న పెద్దలు రాసిన గ్రాంథికంలో తప్పులు ఎత్తి, వాళ్ళ ముందే పెట్టారు. మీరు కూడా రాయలేని భాషను పిల్లల చేత ఎలా రాయిస్తారని అడిగారు. యేట్స్ ప్రశ్న యేట్స్ దగ్గరే ఆగిపోయి ఉంటే దొర బదిలీతో పాటు అదీ వెళ్ళిపోయేది. ప్రశ్న బయటినుంచి వచ్చింది, దానికి రుజువు లోపలివాడు కష్టపడి కట్టాడు. ఈ జంట కుదిరినప్పుడే ఏ భాషలోనైనా ఏదైనా కదులుతుంది. కంప్యూటర్ భాషల్లోనూ అంతే.

ఇక మన విషయానికి వస్తాను. అమీర్‌పేటలో కోచింగుకు వెళ్ళిన పిల్లలనడగండి, కాకినాడ ఇంజనీరింగు కాలేజీ పిల్లలనడగండి, మొదటి నెల ఫిర్యాదులు దాదాపు ఒక్కటే. పైథాన్‌లో బ్రాకెట్లు లేకుండా ఖాళీ జాగా మీద బతకడమేమిటి? గో భాషలో వేరియబుల్ పెట్టి వాడకపోతే ప్రోగ్రామే కంపైల్ కాకపోవడమేమిటి? లెక్క సున్నా నుంచి మొదలవడమేమిటి? ఫ్రెంచివాళ్ళు తయారుచేసిన ఓకామల్ అని ఒక భాష ఉంది. అందులో పూర్ణాంకాలు కలపడానికి మామూలు కూడిక గుర్తు, దశాంశాలు కలపడానికి చుక్క పెట్టిన కూడిక గుర్తు వాడాలి. 1 + 2.5 అని రాస్తే ఒప్పుకోదు. ఫ్రెంచి పాలనలో పుట్టి ఫ్రెంచి బడిలో లెక్కలు నేర్చిన మన యానాం పెద్దలు చూస్తే, మా మాస్టార్లు కూడా ఇంత పట్టుదల మనుషులు కాదయ్యా అనేవారు.

వీటిలో సగానికి పైగా అలవాటుతో పోతాయి. పైథాన్ ఖాళీ జాగా గురించి ఆరు నెలల తరవాత ఎవడూ మాట్లాడడు. ఓకామల్ చుక్కకు కారణం ఉంది. మనం రకం చెప్పకపోయినా ప్రతి విలువ రకాన్ని ఆ భాష తనే కనిపెడుతుంది, ఒకే గుర్తుకు రెండు అర్థాలుంటే ఆ పని చిక్కుపడుతుంది. తెలిశాక ఒప్పుకుంటాం, ఒప్పుకోకపోయినా ఊరుకుంటాం. అందుకే పాతకాపులు ప్రతి ఫిర్యాదునూ ఈ ఖాతాలోనే వేస్తారు. ‘కొత్త బిచ్చగాడు పొద్దెరగడు’ అన్న సామెత వాళ్ళ నాలుక చివరే ఉంటుంది. డాక్యుమెంటేషన్ చదివావా, ఇది ఎన్నోసారి అడుగుతున్నారో తెలుసా, ముందు రెండేళ్ళు రాసి అప్పుడు మాట్లాడు అంటారు. వాళ్ళ విసుగును నేను తప్పుపట్టను. స్విఫ్ట్ భాష నడిపేవాళ్ళు తరచూ వచ్చి తరచూ కొట్టేసిన ప్రతిపాదనలకు ఒక పట్టికే పెట్టుకోవాల్సి వచ్చింది. వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పుకురావాలంటే భాషను ముందుకు నడిపేవాడు ఉండడు.

కానీ రెండేళ్ళు ఆగి చెప్పమన్న షరతులో ఒక మోసం ఉంది. రెండేళ్ళు వాడినవాడికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసిన రోజుల్లో మాట్లాడే హక్కు లేదు, హక్కు వచ్చేసరికి మాట్లాడేందుకు ఏమీ మిగలదు.

దీనికి బెల్ లాబ్స్‌లో జరిగిన ముచ్చట ఒకటుంది. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అనే పనిముట్టు రాశాడు. పెద్ద ప్రోగ్రాముల ముక్కల్ని వరస ప్రకారం కట్టి నిలబెట్టేది. దాని ఫైల్లో కొన్ని వరసల ముందు ట్యాబ్ మీటే కొట్టాలి, అదే వెడల్పున స్పేసులు కొడితే పనిచేయదు. కంటికి రెండూ ఒకటే. ఇది తప్పని ఫెల్డ్‌మన్‌కు కొద్ది వారాల్లోనే తెలిసింది. అప్పటికి వాడేవాళ్ళు డజనుమంది, చాలామంది స్నేహితులే. వాళ్ళ ఫైళ్ళు పాడవుతాయని మార్చలేదు. ఆ డజనుమందికి తప్పిన ఇబ్బంది ఏభై ఏళ్ళుగా లోకమంతా పడుతోంది. సి భాషలోనూ ఇలాంటిదే. కొన్ని గుర్తుల వరసక్రమం తిరగబడి ఉందని డెనిస్ రిచీకి తెలుసు. అప్పటికే రాసిన ప్రోగ్రాములు చెడతాయని అలాగే ఉంచారు. అప్పటికి సి నడుస్తున్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. సి తరవాత వచ్చిన జావా, జావాస్క్రిప్ట్ ఆ తప్పును వంశపారంపర్యంగా పుచ్చుకున్నాయి. పాతవాళ్ళ సౌకర్యానికి మొగ్గితే ఎంతవుతుందో ఆ రోజు ఎవరికీ అంచనా ఉండదు. డజనుమంది ఎదురుగా ఉంటారు, రాబోయే కోట్లమందికి ఆ గదిలో కుర్చీ ఉండదు.

కొత్తవాళ్ళ మాట గెలిచిన సందర్భం కూడా చెప్పాలి. నాకు చాలా ఇష్టమైనది. తొంభైలలో రాండీ పాష్ బృందం ఆలిస్ అనే పనిముట్టు తయారుచేసింది. ప్రోగ్రామింగు ముఖం చూడనివాళ్ళ చేత తెర మీద బొమ్మలు కదిలించడం దాని ఉద్దేశం. లోపల వాడింది పైథాన్. నేర్చుకునేవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో ఆ బృందం పక్కన కూర్చుని చూసింది. రెండు చోట్ల పదేపదే పడుతున్నారు. ఒకటి, పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరుగా చూడటం. రెండోది, 1ని 2తో భాగిస్తే సున్నా రావడం. బొమ్మను అర అడుగు కదపమంటే అది కదలదు. ఎర్రర్ కూడా రాదు. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే వస్తుందన్నది సి నుంచి వచ్చిన అలవాటు. ప్రోగ్రామర్లకు ఎప్పుడో జీర్ణమైపోయింది. ఆలిస్ వాళ్ళు తమ మట్టుకు ఆ రెండూ మార్చేసుకుని పైథాన్ సృష్టికర్త గ్విడో వాన్ రోసమ్‌కు సంగతి చెప్పారు.

గ్విడో రెండూ ఆలోచించాడు. అక్షరాల విషయం వదిలేశాడు. భాగహారం పట్టుకున్నాడు. 2001లో 238వ నంబరు ప్రతిపాదన వచ్చింది. పాతవాళ్ళు ఆ యేడు చేసిన గోల తక్కువది కాదు. మా ప్రోగ్రాములన్నీ సున్నా వస్తుందన్న నమ్మకం మీద నడుస్తున్నాయి, బడిపిల్లల కోసం వాటిని చెడగొడతారా అన్నారు. గ్విడో పట్టు వదల్లేదు, అలాగని తొందరా పడలేదు. పూర్ణాంక భాగహారానికి రెండు గీతల కొత్త గుర్తు ఆ ఏడాది చివరి 2.2లోనే ఇచ్చి, పాత గుర్తు అర్థాన్ని 2008 డిసెంబరులో వచ్చిన 3.0లో గానీ పూర్తిగా మార్చలేదు. ఏడేళ్ళు. ఇవాళ యానాంలో పిల్లవాడు పైథాన్‌లో 1/2 కొడితే 0.5 వస్తోందంటే, పాతికేళ్ళ కిందట ప్రోగ్రామింగు రానివాళ్ళు ఎక్కడ తడబడ్డారో ఒకరు శ్రద్ధగా రాసుకున్నందువల్ల.

ఆ రెండు ఫిర్యాదుల తేడా గమనించారా? పెద్దక్షరం, చిన్నక్షరం ఇబ్బంది అలవాటుతో తగ్గుతుంది, తప్పు చేస్తే భాషే అరిచి చెబుతుంది. భాగహారం తప్పు అరవదు. పైగా నేర్చుకునేవాడు తన వెంట తెచ్చుకున్నది అజ్ఞానం కాదు, అంకగణితం. మూడో తరగతిలో నేర్చుకున్న నిజం. భాషకు తెలియనిది అతనికి తెలుసు. కొత్తవాళ్ళ ఫిర్యాదులన్నిటినీ నేను ఈ గీటురాయి మీదే చూస్తాను. అతనికి మన భాష రానందువల్ల పుట్టిన ఫిర్యాదా, అతనికి వచ్చినది మన భాషకు రానందువల్ల పుట్టిన ఫిర్యాదా? మొదటిదానికి ఓపిక చాలు. రెండోదాన్ని కొట్టేస్తే పోగొట్టుకునేది భాషే.

ఇక్కడే తెలుగువాడి వంతు వస్తుంది.

పైథాన్‌లో పదం పొడవు చెప్పే లెన్ అనే ఆదేశం ఉంది. ‘తెలుగు’ అని రాసి పొడవెంత అని అడగండి. ఆరు అంటుంది. ‘ఫరంపేట’ అని అడగండి. దానికీ ఆరే. ‘స్త్రీ’ అని అడగండి. మళ్ళీ ఆరు! మనకు మూడు, నాలుగు, ఒకటి. దానికి అన్నీ సమానమే. యంత్రం పొల్లు గుర్తునూ గుణింతాన్నీ హల్లునూ విడివిడిగా లెక్కపెడుతోంది. ‘స్త్రీ’లో స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు. అదే పదాన్ని గో భాషను అడిగితే పద్దెనిమిది అంటుంది. అది బైట్లు లెక్కపెడుతుంది, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. 1992లో ఆ పద్ధతిని రూపొందించిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లే తరవాత గో భాష తయారుచేసినవాళ్ళలో ఉన్నారు. తమ ఇంటి కొలతతోనే కొలిచారు.

ఇంటరు చదివే అమ్మాయి ఛందస్సు మీద సరదాతో ఉత్పలమాల పాదాన్ని సరిచూసే ప్రోగ్రాం రాస్తోందనుకుందాం. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. లెన్ అని అడిగితే ఏ నలభై రెండో వస్తుంది. పదో అక్షరం ఇమ్మంటే ఎక్కడో ఒక ఏత్వమో సుడో ఒంటరిగా తెర మీద వేలాడుతుంది. పదాన్ని తిరగేయమంటే గుణింతాలన్నీ హల్లులకు ముందు వచ్చి పడతాయి. ఆ అమ్మాయి ఇది తప్పు అంటుంది. తప్పు కాదమ్మా, అన్ని లిపుల గుర్తులకూ అంకెలిచ్చే యూనికోడ్ ప్రమాణం నీకు తెలియదు, ముందు కోడ్ పాయింట్ అంటే ఏమిటో చదువుకో అంటాం. మనలో చాలామంది ఇచ్చే జవాబు ఇదే. అక్షరమంటే ఏమిటో వెయ్యేళ్ళుగా లెక్కకట్టి యతి ప్రాసలు నడిపిన పరంపర ఆ అమ్మాయి వెనక ఉంది. నిజానికి చదువుకోవాల్సింది ఎవరు?

అలాగని పైథాన్ వాళ్ళను తిట్టి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. స్విఫ్ట్ భాష మన అమ్మాయి కోరినట్టే లెక్కపెడుతుంది. తెలుగు మూడు, ఫరంపేట నాలుగు. ఎలిక్సిర్, రాకు భాషలూ అంతే. రాకు రూపకర్త లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్నవాడని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కానీ మూడో అక్షరం ఇవ్వమని ఊరికే అంకె వేసి అడిగితే స్విఫ్ట్ ఇవ్వదు. ఒక్కో అక్షరం ఒక్కో పొడవు కాబట్టి మొదటినుంచి నడుచుకుంటూ పోవాలి. ఆ శ్రమ దాచకూడదని దాని రూపకర్తల పట్టుదల. దాంతో ఇంగ్లీషు పదాలతో పనిచేసే కొత్తవాళ్ళు స్విఫ్ట్ మీద విరుచుకుపడతారు. ఇంత చిన్న పనికి ఇంత తతంగమా అంటారు. తెలుగువాడి కాలి ముల్లు తీస్తే అది ఇంగ్లీషువాడి కాలికి గుచ్చుకుంది.

ఇంకా ఉంది. స్విఫ్ట్ లాంటి భాషలు అక్షరం ఎక్కడ తెగుతుందో యూనికోడ్ ప్రమాణాన్ని చూసి తేల్చుకుంటాయి. ఆ ప్రమాణం చాలాకాలం ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేసేది. సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా పట్టుకునే నియమం 2023లో వచ్చిన 15.1లో గానీ రాలేదు, అదీ తెలుగుతో సహా కొన్ని లిపులకే. సరే, ఇప్పుడైనా మన అమ్మాయి ఉత్పలమాల కుదిరిందా అంటే, లేదు. ‘వచ్చెన్’ అన్న మాట తీసుకోండి. పైథాన్ లెక్కలో ఏడు. పాత యూనికోడ్ నియమం ప్రకారం నాలుగు. కొత్త నియమం ప్రకారం మూడు. ఛందస్సులో రెండే, ఎందుకంటే చివరి పొల్లు ముందు అక్షరంలో కలిసి దాన్ని గురువు చేస్తుంది. టైపు కొట్టేవాడికి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎంత చెరగాలన్నది ఇంకో లెక్క. పైథాన్‌ది తప్పు అన్న అమ్మాయి మాటలో నొప్పి నిజం. లెన్ అంటే అక్షరాల సంఖ్యే రావాలన్న ఆమె మందు మాత్రం మరుసటి తెలుగువాడికే పడదు. ఆమె అడగదగినదీ, అడగవలసినదీ వేరే ఉంది. అక్షరాలుగా విడగొట్టే సాధనం భాషతో పాటే పెట్టెలో రావాలి, అది ఏ నియమం పాటిస్తోందో పైకి చెప్పాలి. ఓ యానాం అమ్మాయి అడిగినా ఎవరూ కాదనలేని కోరిక ఇది.

కొంచెం లోతుకు వెళితే, ఒత్తులకు విడిగా సంకేతాలు ఎందుకు లేవన్న ప్రశ్న వస్తుంది. కంప్యూటర్లో తెలుగు పని మొదలుపెట్టిన ప్రతివాడూ అడుగుతాడు. 1991లో యూనికోడ్ తొలి కూర్పు వచ్చినప్పుడు భారతీయ లిపులను మన దేశపు ఇస్కీ ప్రమాణం నుంచి తీసుకుంది. అన్ని భారతీయ లిపులకూ ఒకే అచ్చు ఉంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చడం సులువని ఇస్కీ ఆలోచన. హల్లు, పొల్లు, హల్లు అని రాస్తే ఒత్తు అదే ఏర్పడాలి. 1996లో టిబెటన్ లిపిని ఎక్కించినప్పుడు కింద రాసే అక్షరాలకు విడిగా సంకేతాలిచ్చారు. అంటే వేరే దారీ ఉంది. మనకు ఆ దారి మూసుకుపోయింది, ఎందుకంటే ఒకసారి ఎక్కినదాన్ని యూనికోడ్ కదపదు. లేనిది చేర్చడానికి మాత్రం తలుపు తెరిచే ఉంది. బ్రౌను నిఘంటువు చూసినవాళ్ళకు తెలిసిన ౘ, ౙలు 2008లో ఎక్కాయి, నకారపొల్లు 2021లో ఎక్కింది. ఇవి కోపంతో రాలేదు. అచ్చు పుస్తకాల పేజీల నకళ్ళు జతచేసి, ఎక్కడెక్కడ వాడారో చూపించి, ఒకరు కూర్చుని పత్రం తయారుచేస్తే వచ్చాయి. పద్ధతి చూస్తే గిడుగువారిదే.

పొల్లుతో మరో పేచీ ఉంది. ‘ఫ్రెంచ్‌పాలన’ అని రాయాలంటే చ్ తరవాత కంటికి కనబడని గుర్తొకటి కొట్టాలి. దాన్ని నాన్‌జాయినర్ అంటారు. కొట్టకపోతే ‘ఫ్రెంచ్పాలన’ అని పవత్తు వచ్చి కూర్చుంటుంది. యానాం చరిత్ర మీద ప్రోగ్రాం రాసే పిల్లవాడు ఒక వేరియబుల్‌కు ఆ పేరు పెట్టుకోవాలనుకున్నాడే అనుకోండి. పైథాన్ 3 తెలుగు పేర్లు ఒప్పుకుంటుంది. 2007లో మార్టిన్ ఫాన్ లోవిస్ ప్రతిపాదన వల్ల వచ్చిన వసతి అది. అప్పుడు దాన్ని వ్యతిరేకించినవాళ్ళు లేకపోలేదు, లోకమంతా ఇంగ్లీషు పేర్లే పెడితే ఒకరి కోడ్ ఇంకొకరు చదవగలరన్నారు. వసతి వచ్చింది కానీ నాన్‌జాయినర్ ఉన్న పేరు మాత్రం చెల్లదు. కనబడని గుర్తులతో ఒకేలా కనిపించే రెండు పేర్లు పెట్టి మోసం చేయవచ్చని భయం. భయానికి ఆధారం ఉంది. కానీ తెలుగులో పొల్లు తరవాత ఆ గుర్తు కనబడనిది కాదు, ఉంటే ఒక రూపం, లేకపోతే ఇంకో రూపం. జావాస్క్రిప్ట్ ఆ గుర్తును పేర్లలో రానిస్తుంది. ఇద్దరిలో ఎవరు సరి అంటే, ఎక్కడ పడితే అక్కడ రానివ్వకుండా, పొల్లు తరవాత మాత్రమే రానివ్వడం సరి అంటాను. ఈ గుర్తు సంగతి ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి కలలో కూడా తట్టదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఇలాంటి గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, గుర్తుండే ఉంటుంది. ఆపిల్ హడావిడిగా 11.2.6 విడుదల చేసి సర్దుకుంది. ఆ వారమంతా ‘మన జ్ఞానానికి ఐఫోన్ తట్టుకోలేదు’ అని జోకులేసుకున్నాం. ఆ సరదా ఎలా ఉన్నా, తెలుగు తెలిసినవాళ్ళు ముందే నాలుగు పదాలు కొట్టి చూసి ఉంటే అది జనం చేతుల్లోకి వెళ్ళేది కాదు.

భాషను నిలబెట్టేవాళ్ళ పక్షాన రెండు ముక్కలు. గో భాష 2009లో బయటికి వచ్చిన రోజు నుంచీ జెనెరిక్స్, అంటే ఒకే కోడ్‌ను పలు రకాల విలువలకు వాడుకునే వసతి, ఎక్కడని వచ్చినవాడల్లా అడిగాడు. 2022 మార్చిలో 1.18తో గానీ ఇవ్వలేదు. ఆలస్యమైంది నిజమే, కానీ మధ్యలో తయారైన నమూనాలు ఒక్కొక్కటే వాళ్ళే పక్కన పడేసి, నచ్చినది దొరికాకే ఇచ్చారు. ఎర్రర్లు సరిచూసే మూడు వరసల తంతు మీద కూడా చాలా ఫిర్యాదులొచ్చాయి. 2019లో ఒక ప్రతిపాదన తామే పెట్టి తామే వెనక్కి తీసుకున్నారు. 2025 జూన్‌లో ఇక దాని కోసం కొత్త వ్యాకరణం ఆలోచించబోమని చెప్పేశారు. కాదన్నా అలా కారణాలు రాసి కాదంటే గౌరవం. రెండో ముక్క. 2018 జూలైలో గ్విడో ఒక చిన్న గుర్తు మీద జరిగిన రభసతో విసిగి పైథాన్ పెద్దరికం వదులుకున్నాడు. ఆ గుర్తు కొత్తవాళ్ళు అడిగినది కాదు, గోల చేసినవాళ్ళలో పాతవాళ్ళే ఎక్కువ. ఎవరు చేసినా, భాషను మోసే మనిషిని మాటలతో కుళ్ళబొడిస్తే చివరికి వినేవాడే ఉండడు.

గిడుగువారిని మరోసారి తలుచుకుంటాను. తెలుగులో అంత పోట్లాడిన మనిషి పర్లాకిమిడిలో సవర గిరిజనుల దగ్గర కొత్తవాడిగా కూర్చున్నప్పుడు, మీ భాష ఇలా ఎందుకుందని అడగలేదు. వాళ్ళు పలికింది పలికినట్టు రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఏ భాషలో నోరు విప్పాలో, ఏ భాషలో చెవి ఒగ్గాలో ఆయనకు తెలుసు. సవరలను వాళ్ళ భాష ఇబ్బంది పెట్టలేదు. తెలుగు పిల్లలను పుస్తకాల భాష ఇబ్బంది పెట్టింది.

యానాం పిల్లలకు నాదొక విన్నపం. ఫ్రెంచి పాలనను ఎదిరించిన దడాల రఫేల్ రమణయ్యగారు పుట్టిన ఊళ్ళో ఎదురు ప్రశ్న వేయడం నేర్పాల్సిన పని లేదు, పద్ధతే చెబుతాను. కొత్త భాష మొదలుపెట్టిన మొదటి నెలలో ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. ఎక్కడ విసుగొచ్చిందో ఆ రోజే రాయండి. రాసిన మూడు నాలుగు వరసల కోడ్, మీరు ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. అంతే, తిట్లు వద్దు, మందు కూడా అప్పుడే వద్దు. మూడు నెలలయ్యాక తీసి చూడండి. అలవాటుతో పోయినవి కొట్టేయండి. మిగిలినదాని మీద ఆ భాషవాళ్ళ పాత ప్రతిపాదనలు ఓపికగా చదవండి. ఎవరూ ఎత్తని సంగతైతే, ముఖ్యంగా అది తెలుగు వల్ల మీకు తెలిసినదైతే, పత్రం రాసి పంపండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, ఉదాహరణ తడబడకూడదు.

పాఠాలు చెప్పే పెద్దలకు ఒక్క మాట. రేపు ఎవరైనా పిల్ల లేచి ‘ఫరంపేట’లో ఆరు అక్షరాలెలా ఉంటాయండీ అని అడిగితే, కూర్చోమనకండి. బోర్డు దగ్గరికి పిలిచి లెక్కపెట్టించండి.